‘వీఎంల వేసి జూసిన, ఏం గాలే’ అంటే సరిపోతుందా?

ఈ మధ్య గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ వైపు నుంచి నాకొచ్చే మెసేజ్‌లలో ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ కనిపిస్తోంది. అడిగేవాళ్లు వేరు, మాట మాత్రం ఒకటే. “అన్నా, డౌట్ ఉన్న ఫైల్ ఏదన్న వస్తే ముందు వర్చువల్ బాక్స్‌ల వేసి జూస్తున్న. ఏం గాకపోతే అప్పుడు అసలు సిస్టంల వేసుకుంటున్న. సేఫే గదా?”

వీళ్లలో వనపర్తిలో ఇంజనీరింగ్ చదివే తమ్ముడున్నాడు. ల్యాబ్ కోసం వర్చువల్ బాక్స్ వేసుకున్నాడు, అందులోనే క్రాక్ సాఫ్ట్‌వేర్లు కూడా పరీక్షిస్తున్నాడు. నాగర్‌కర్నూల్‌లో పెళ్లి వీడియోలు ఎడిట్ చేసే చెల్లె ఉంది. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేక టోరెంట్ దింపింది. గద్వాలలో నెట్ సెంటర్ నడిపే ఒకాయన ఉన్నాడు. రోజుకు వందమంది పెన్‌డ్రైవ్‌లు, వాట్సాప్ ఫైళ్లు ఆయన సిస్టంలోకే వస్తాయి. రైతుల ఆధార్ కాపీలు, పిల్లల మెమోలు, పాస్‌బుక్ జిరాక్సులు అన్నీ అదే హార్డ్ డిస్క్‌లో ఉంటాయి. అక్కడ ఒక్క ఫైల్ తేడా కొడితే పోయేది ఒక్క కంప్యూటర్ కాదు, ఊరి సగం మంది వివరాలు.

అందుకే ప్రశ్న చిన్నదే అయినా జవాబు జాగ్రత్తగా చెప్పాలి. ఒక్క ముక్కలో చెప్పమంటే, వీఎం మంచి అలవాటే. కానీ ‘వీఎంలో ఏం కాలేదు కాబట్టి బయట కూడా ఏం కాదు’ అనే లెక్క మాత్రం తప్పు. ఆ తప్పు ఎక్కడుందో ఈ వారం చూద్దాం.

విత్తన పత్తి చేను లెక్క

వీఎం అంటే వర్చువల్ మెషిన్. మీ కంప్యూటర్ లోపల సాఫ్ట్‌వేర్‌తో కట్టిన ఇంకో కంప్యూటర్. దానికి సొంత విండోస్ లేదా లినక్స్, సొంత డిస్క్, సొంత ర్యామ్ ఉన్నట్టే అనిపిస్తుంది. నిజానికి ఆ డిస్క్ మీ హార్డ్ డిస్క్‌లో ఒక పెద్ద ఫైల్, ఆ ర్యామ్ మీ ర్యామ్‌లో కోసిచ్చిన ముక్క. బయటున్న అసలు సిస్టంను హోస్ట్ అంటాం, లోపలున్నదాన్ని గెస్ట్ అంటాం. రెంటి మధ్య కాపలా కాసే సాఫ్ట్‌వేర్ పేరు హైపర్‌వైజర్. వర్చువల్ బాక్స్, వీఎంవేర్, మైక్రోసాఫ్ట్ హైపర్-వి ఈ జాతివే.

నడిగడ్డ వాళ్లకైతే దీన్ని ఇంకా తేలిగ్గా చెప్పొచ్చు. గద్వాల చుట్టుపక్కల విత్తన పత్తి వేసేవాళ్లకు ఐసోలేషన్ అన్న మాట కొత్త కాదు. సీడ్ పత్తి చేనుకూ మామూలు పత్తి చేనుకూ మధ్య ఇంత దూరం వదలాలని కంపెనీ వాళ్లు ముందే చెప్తారు. ఎందుకంటే పక్క చేను పుప్పొడి వచ్చి పడిందంటే విత్తనం కల్తీ అయినట్టే. ఇక్కడ ఒక విషయం గమనించండి. చేన్ల మధ్య దూరం వదిలితే చెట్లు దూరంగా ఉంటాయి. తేనెటీగ దూరంగా ఉండదు. అది ఇటు వాలుతుంది, అటు వాలుతుంది. వీఎం కూడా అంతే. గోడ గట్టిదే. గోడ మీదుగా అటూ ఇటూ తిరిగే తేనెటీగలు ఏవేవి ఉన్నాయన్నదే అసలు ప్రశ్న.

‘ఏం కాలేదు’ అనేది సర్టిఫికెట్ కాదు

మా తమ్ముళ్లు చేస్తున్న పనిలో నన్ను ఎక్కువ భయపెట్టేది ఇదే. గోడ దూకే వైరస్‌ల గురించి తర్వాత మాట్లాడుకుందాం, అవి అరుదు. గోడ లోపల నిద్ర నటించే వైరస్‌లు మాత్రం చాలా మామూలు.

వైరస్ రాసేవాడికి కూడా తెలుసు, యాంటీవైరస్ కంపెనీలు తన ఫైల్‌ను ముందు వీఎంలోనే వేసి చూస్తాయని. అందుకే చాలా మాల్వేర్లు లేవగానే చుట్టూ ఒకసారి చూసుకుంటాయి. నెట్‌వర్క్ కార్డ్ అడ్రస్ 08:00:27తో మొదలైతే అది వర్చువల్ బాక్స్ అని పట్టేస్తాయి. డిస్క్ పేరులో వీబాక్స్ అనో వీఎంవేర్ అనో ఉందా అని చూస్తాయి. ర్యామ్ 2 జీబీయే ఉందా, ప్రాసెసర్ కోర్ ఒక్కటే ఉందా, డాక్యుమెంట్స్ ఫోల్డర్ ఖాళీగా ఉందా, పది నిమిషాలైనా మౌస్ కదలలేదా అని లెక్కేస్తాయి. అనుమానం వస్తే ఏమీ చేయవు. మామూలు సాఫ్ట్‌వేర్‌లా బుద్ధిగా ఇన్‌స్టాల్ అయి కూర్చుంటాయి. కొన్నైతే రోజుల తరబడి ఆగి, తర్వాత పని మొదలుపెడతాయి.

దీనికి మనందరికీ గుర్తున్న ఉదాహరణ ఒకటుంది. 2017 మే 12న వన్నాక్రై ప్రపంచమంతా పాకింది. మన దగ్గర ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖలోని కొన్ని కంప్యూటర్లు కూడా దాని బారిన పడ్డాయి. ఫైళ్లన్నీ తాళం పడి, తెర మీద డబ్బు కట్టమనే ఎర్ర బాక్స్ కనిపించింది. ఆ వైరస్ లేవగానే అర్థంపర్థం లేని ఒక వెబ్ అడ్రస్‌ను పిలిచి చూసేది. జవాబొస్తే ఆగిపోయేది, రాకపోతే దాడి చేసేది. బ్రిటన్‌కు చెందిన ఒక కుర్ర పరిశోధకుడు ఆ అడ్రస్‌ను రిజిస్టర్ చేయడంతో వైరస్ జోరు తగ్గింది. అసలు ఆ అడ్రస్ ఎందుకు పెట్టినట్టు? పరీక్షల కోసం వాడే కొన్ని వీఎంలు ఏ అడ్రస్ అడిగినా ఉన్నట్టే జవాబిస్తాయి. లేని అడ్రస్‌కు జవాబొచ్చిందంటే తనను ఎవరో డబ్బాలో పెట్టి చూస్తున్నారని గుర్తుపట్టడానికే అలా రాసి ఉంటారని ఆ పరిశోధకుడే అంచనా వేశాడు.

ఇప్పుడు మన తమ్ముడి లెక్కకు రండి. ‘వీఎంల వేసిన, ఏం గాలే, అసలు సిస్టంల వేసిన.’ దొంగ పోలీసును చూసి బుద్ధిమంతుడిలా నిలబడ్డాడు. మీరేమో మంచోడే అనుకుని ఇంట్లోకి పిలిచారు. వీఎంలో ఏదైనా చెడు జరిగితే అది సాక్ష్యం. ఏమీ జరగకపోతే అది దేనికీ సాక్ష్యం కాదు.

కాబట్టి మొదటి రూల్ ఇది. నమ్మకం లేక వీఎంలో తెరిచిన ఫైల్ చివరిదాకా వీఎంలోనే ఉండాలి. అక్కడ పాసయిందని బయటికి ప్రమోషన్ ఇవ్వకూడదు.

మనమే తీసిపెట్టిన తలుపులు

వీఎం వేసిన మొదటి రోజు అందరికీ చిరాకు పుడుతుంది. స్క్రీన్ చిన్నగా ఉంటుంది, బయటి నుంచి ఫైల్ లోపలికి పోదు, కాపీ పేస్ట్ పనిచేయదు. వెంటనే యూట్యూబ్ చూసి గెస్ట్ అడిషన్స్ వేస్తాం, అన్నీ ఆన్ చేస్తాం. ఆ ఒక్కో టిక్కూ ఒక్కో తేనెటీగ.

షేర్డ్ ఫోల్డర్ మొదటిది. హోస్ట్‌లోని ఒక ఫోల్డర్‌ను లోపల కనిపించేలా పెడతాం. రాసే హక్కు కూడా ఇస్తే లోపలి రాన్సమ్‌వేర్‌కు అది ఇంకో డ్రైవ్ మాత్రమే, అందులోని ఫైళ్లకూ తాళం వేస్తుంది. డీ డ్రైవ్ మొత్తాన్ని షేర్ చేసినవాళ్లను నేను చూశాను. అప్పుడిక గోడెందుకు?

క్లిప్‌బోర్డ్ రెండోది. రెండు వైపులా ఆన్ చేస్తే బయట మీరు కాపీ చేసిన పాస్‌వర్డ్, అకౌంట్ నంబర్ లోపలున్నవాడికీ కనిపిస్తాయి. వర్చువల్ బాక్స్‌లో ఇది మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, ఆన్ చేసేది మనమే. విండోస్ శాండ్‌బాక్స్‌లో మాత్రం క్లిప్‌బోర్డ్, ఇంటర్నెట్ రెండూ మొదటి నుంచే ఆన్‌లో ఉంటాయి. ఈ సంగతి చాలామంది గమనించరు.

యూఎస్‌బీ మూడోది. పెన్‌డ్రైవ్‌ను వీఎంకు కలిపి, తర్వాత అదే పెన్‌డ్రైవ్‌ను తీసి అసలు సిస్టంకు పెడితే గోడ చుట్టూ తిరిగి వచ్చినట్టే.

నెట్‌వర్క్ నాలుగోది, అన్నిట్లోకీ పెద్దది. బ్రిడ్జ్ మోడ్‌లో పెడితే మీ వీఎం ఆ వైఫైలో ఇంకో కంప్యూటర్‌గా నిలబడుతుంది. నాట్ మోడ్‌లో పెడితే బయటివాళ్లు లోపలికి రాలేరు, నిజమే. కానీ లోపలున్నది బయటికి పోగలదు. అదే రౌటర్ మీదున్న మిగతా సిస్టంలను, ప్రింటర్లను, సీసీ కెమెరా డబ్బాను తట్టి చూడగలదు. వన్నాక్రై పాకింది ఇలాగే, అప్‌డేట్ లేని విండోస్‌ల మధ్య నెట్‌వర్క్ మీదుగా. నెట్ సెంటర్లో నాలుగు సిస్టంలు ఒకే స్విచ్ మీద ఉంటాయి. ఒకదానిలోని వీఎంలో అలాంటి పురుగును వదిలితే మిగతా మూడింటికీ ఆ వీఎం గోడ అడ్డం కాదు.

స్నాప్‌షాట్ వెనక్కి తేలేనివి

“ఏమన్న అయితే స్నాప్‌షాట్‌కు పోతా గదన్నా” అంటారు. స్నాప్‌షాట్ అంటే వీఎం ఇప్పుడున్న స్థితికి ఫోటో తీసి పెట్టుకోవడం. తర్వాత ఏం పాడైనా ఆ ఫోటో దగ్గరికి తిరిగి పోవచ్చు. బంగారం లాంటి సదుపాయమే.

కానీ అది వెనక్కి తిప్పేది డిస్క్‌ను మాత్రమే, కాలాన్ని కాదు. వీఎంలో క్రోమ్ తెరిచి మీ జీమెయిల్ లాగిన్ అయ్యారనుకోండి. లోపలున్న దొంగ సాఫ్ట్‌వేర్ బ్రౌజర్‌లోని పాస్‌వర్డ్‌లు, కుకీలు తీసుకుని రెండు నిమిషాల్లో బయటికి పంపేస్తుంది. కుకీ చేతికొస్తే చాలాచోట్ల పాస్‌వర్డ్ లేకుండానే, ఓటీపీ అడగకుండానే అకౌంట్‌లోకి దూరొచ్చు. మీరు స్నాప్‌షాట్‌కు వెనక్కి పోతే మీ దగ్గర వైరస్ చెరిగిపోతుంది. వాడి దగ్గరికి చేరిన కుకీ చెరగదు.

ఈ రోజుల్లో క్రాక్ సాఫ్ట్‌వేర్ల వెంట వచ్చేవాటిలో ఈ రకం దొంగలే ఎక్కువ. తెర నల్లబడదు, ఫైళ్లు పాడవవు, సిస్టం స్లో కూడా కాదు. పని ముగించుకుని చప్పుడు లేకుండా పోతాయి. కాబట్టి రెండో రూల్. పరీక్ష వీఎంలో మీ పేరుతో దేనికీ లాగిన్ కావద్దు. జీమెయిల్, ఇన్‌స్టా, వాట్సాప్ వెబ్, కాలేజీ పోర్టల్, ఏదీ.

గోడ దూకిన కేసులు

మరి గోడే పగిలితే? పగిలిన సందర్భాలున్నాయి. దీన్ని వీఎం ఎస్కేప్ అంటారు.

2015 మేలో వెనమ్ అనే లోపం బయటపడింది. క్యూఎంయూ అనే సాఫ్ట్‌వేర్‌లో ఫ్లాపీ డ్రైవ్‌ను నటించే కోడ్‌లో అది దాక్కుంది. మన తరం ఫ్లాపీని సేవ్ బొమ్మగా తప్ప చూసిందే లేదు. అయినా ఆ కోడ్ 2004 నుంచి అలాగే ఉంది. అదే కోడ్ వాడిన జెన్, కేవీఎం, వర్చువల్ బాక్స్‌లకు కూడా ప్రమాదం పాకింది. వాడని గదికి కూడా కిటికీ ఉంటుందన్నమాట.

2018 నవంబర్‌లో రష్యా పరిశోధకుడు సెర్గే జెలెన్యుక్ వర్చువల్ బాక్స్‌లోని నెట్‌వర్క్ కార్డ్ కోడ్‌లో ఇంకో రంధ్రం చూపించాడు. కంపెనీ సరిచేసేదాకా ఆగకుండా వివరాలన్నీ బయట పెట్టేశాడు. అది పనిచేసింది డిఫాల్ట్ సెటింగ్స్ మీదే. అంటే మన కుర్రాళ్లు నెక్స్ట్, నెక్స్ట్ నొక్కుతూ పెట్టుకునే సెటింగ్స్ మీదే.

2025 మార్చిలో వీఎంవేర్‌లో మూడు లోపాలకు బ్రాడ్‌కామ్ ప్యాచ్‌లు ఇచ్చింది. అప్పటికే వాటిని దుండగులు నిజమైన దాడుల్లో వాడుతున్నారని కంపెనీయే చెప్పింది.

ఇవి చదివి వీఎం తీసి పారేయొద్దు. ఇలాంటి లోపం చేతికి రావడం చాలా ఖరీదైన పని. 2017 పీడబ్ల్యూన్‌2ఓన్ పోటీలో బ్రౌజర్ నుంచి మొదలుపెట్టి వీఎంవేర్ గోడ దాటి చూపించిన చైనా జట్టుకు 1,05,000 డాలర్ల బహుమతి ఇచ్చారు. అంత విలువైన ఆయుధాన్ని పెళ్లి వీడియోలున్న కంప్యూటర్ మీద ఎవరూ వృథా చేయరు. అయితే ఆ లోపం గురించి లోకమంతా తెలిశాక, ప్యాచ్ కూడా వచ్చాక, మీరు మూడేళ్ల నాటి వర్చువల్ బాక్స్‌నే నడుపుతుంటే అది వేరే కథ. అప్పుడు దాని ఖరీదు సున్నా. కాలేజీ సీనియర్ పెన్‌డ్రైవ్‌లో ఇచ్చిన పాత ఇన్‌స్టాలర్ వాడేవాళ్లు ఒకసారి వెర్షన్ చూసుకోండి. విండోస్ 10కు కూడా మైక్రోసాఫ్ట్ మామూలు సపోర్ట్ 2025 అక్టోబర్ 14తో ఆగిపోయింది. హోస్టే ముసలిదైతే గెస్ట్‌కు ఎంత గోడ కడితే ఏం లాభం?

దొంగలే వీఎం వాడితే

ఇంకో తమాషా చూడండి. 2020లో రాగ్నార్ లాకర్ అనే రాన్సమ్‌వేర్ ముఠా చేసిన పనిని సోఫోస్ కంపెనీ బయటపెట్టింది. వాళ్లు బాధితుడి కంప్యూటర్‌లో తామే పాత వర్చువల్ బాక్స్‌ను ఇన్‌స్టాల్ చేశారు. అందులో కుదించిన విండోస్ ఎక్స్‌పీని నడిపారు. హోస్ట్ డ్రైవ్‌లన్నిటినీ షేర్డ్ ఫోల్డర్లుగా లోపలికి ఇచ్చారు. 49 కేబీ మాత్రమే ఉన్న వైరస్ వీఎం లోపల కూర్చుని బయటి ఫైళ్లకు తాళాలు వేసింది. బయటున్న యాంటీవైరస్‌కు కనిపించిందల్లా ‘వర్చువల్ బాక్స్ ఏవో ఫైళ్లు మారుస్తోంది’ అన్నంత వరకే. గోడ ఎవరి పక్షమూ కాదు. మనల్ని కాపాడినట్టే దొంగను కూడా దాచిపెడుతుంది.

‘మా దగ్గర ఫోనే ఉందన్నా!’

ఇది చదివే మీలో ఎక్కువమందికి కంప్యూటరే ఉండదని నాకు తెలుసు. మీకొచ్చే ప్రమాదం వేరే రూపంలో వస్తుంది. వాట్సాప్ గ్రూపులో ‘పీఎం కిసాన్ లిస్ట్’ అనో, ‘ఆర్టీఓ చలాన్’ అనో, ‘బ్యాంక్ కేవైసీ అప్‌డేట్’ అనో ఒక ఏపీకే ఫైల్ పడుతుంది. పంపింది తెలిసిన నంబరే, ఎందుకంటే ఆ మనిషి ఫోన్ అప్పటికే వాళ్ల చేతిలోకి పోయింది. ఇలాంటివి తెరవొద్దని తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో చెప్తూనే ఉంది. అయినా ఏడాదికి 6,000 రూపాయల సాయం కోసం చూసే రైతుకు పీఎం కిసాన్ అన్న పేరు కనిపిస్తే వేలు ఆగుతుందా?

2025 ఫిబ్రవరిలో జింపీరియం అనే సెక్యూరిటీ సంస్థ మన దేశ బ్యాంకు ఖాతాదారుల మీద నడుస్తున్న ఒక పెద్ద ముఠా పనిని బయటపెట్టింది. వాట్సాప్‌లో తిరిగే దాదాపు 900 ఏపీకేలు, సుమారు 50,000 మంది బాధితుల వివరాలు దొరికాయి. పైగా దోచుకున్న డేటాను ఆ దొంగలు ఇంటర్నెట్‌లో తాళం కూడా వేయకుండా వదిలేశారు. అంటే ఒక దొంగ ఎత్తుకుపోయిన ఓటీపీ మెసేజ్‌లు, ఆధార్, పాన్ వివరాలు ఇంకో దొంగ కూడా చూడొచ్చు.

“మరి ఫోన్‌లో కూడా డ్యూయల్ యాప్, వర్చువల్ స్పేస్ లాంటివి ఉన్నయి గదా, అందుల వేసి జూస్తే?” అని ఒక చెల్లె అడిగింది. మంచి ప్రశ్న. ప్లే స్టోర్‌లో కనిపించే ఈ క్లోన్ యాప్‌లు చాలావరకు పైన చెప్పిన అర్థంలో వీఎంలు కావు. ఆ డబ్బా యాప్‌కు మీరు మెసేజ్‌లు, కాంటాక్ట్‌లు, ఫోటోల పర్మిషన్లు ఇస్తే లోపల వేసిన యాప్ కూడా వాటినే వాడుకోగలదు. గోడ కట్టామనుకుని తాళంచెవుల గుత్తి లోపల పెట్టినట్టు.

ఇదే టెక్నిక్‌ను దొంగలు కూడా పట్టుకున్నారు. గాడ్‌ఫాదర్ అనే మాల్వేర్ కొత్త రూపం గురించి 2025 జూన్‌లో అదే జింపీరియం చెప్పింది. అది ఫోన్‌లోనే ఒక వర్చువల్ గది కడుతుంది. మీ అసలు బ్యాంక్ యాప్‌ను ఆ గదిలో తెరుస్తుంది. మీరు చూసేది నకిలీ స్క్రీన్ కాదు, నిజమైన యాపే. కానీ మీరు నొక్కే ప్రతి అంకె గది యజమానికి తెలుస్తుంది. అప్పటికి అది గురిపెట్టింది టర్కీ బ్యాంకుల మీద. దారి తెలిశాక ఊరు మారడానికి ఎంతసేపు?

అసలు సంగతేంటంటే, ఆండ్రాయిడ్‌లో ప్రతి యాప్ పుట్టుకతోనే ఒక డబ్బాలో ఉంటుంది. ఒక యాప్ డేటాను ఇంకో యాప్ ముట్టుకోలేదు. అందుకే ఈ ఏపీకేలు గోడ పగలగొట్టడానికి ప్రయత్నించవు, మనల్నే తలుపు తీయమంటాయి. ఎస్ఎంఎస్ చదవనివ్వు, నోటిఫికేషన్లు చూడనివ్వు, యాక్సెసిబిలిటీ ఆన్ చెయ్ అంటాయి. ఆండ్రాయిడ్ 13 నుంచి బయటి ఏపీకేలు యాక్సెసిబిలిటీ అడిగితే ‘రిస్ట్రిక్టెడ్ సెటింగ్’ అని ఫోనే అడ్డుకుంటుంది. అప్పుడు కూడా ‘యాప్ ఇన్ఫోలోకి పోయి అనుమతించండి’ అని దొంగ యాప్ బొమ్మలేసి మరీ నేర్పిస్తుంది. ఏ యాప్ అయినా అంత ఓపికగా సెటింగ్స్ మార్చమని నేర్పుతోందంటే అక్కడే ఆగండి.

మరి ఏం చేద్దాం?

కంప్యూటర్ ఉన్నవాళ్లకు ముందు. వీఎం వాడండి, కానీ ఇలా.

ఒకటి, హైపర్‌వైజర్‌ను కంపెనీ సైట్ నుంచే దింపుకోండి. వర్చువల్ బాక్స్ ముందు నుంచీ ఉచితమే. వీఎంవేర్ వర్క్‌స్టేషన్ ప్రో కూడా సొంత వాడకానికి 2024 మే నుంచి, అందరికీ అదే ఏడాది నవంబర్ నుంచి ఉచితం. వైరస్‌ను బంధించే పెట్టెను టోరెంట్‌లో తెచ్చుకోవడం కన్నా విచిత్రం ఇంకోటి ఉండదు. లోపల వేసే విండోస్ ఐఎస్ఓకు కూడా ఇదే మాట.

రెండు, ఫైల్ లోపలికి పంపాక షేర్డ్ ఫోల్డర్, క్లిప్‌బోర్డ్, డ్రాగ్ అండ్ డ్రాప్, యూఎస్‌బీ అన్నీ ఆఫ్ చేయండి. నెట్‌వర్క్ కార్డ్ తీసేయండి. ఆ తర్వాతే ఫైల్ తెరవండి. ఇంటర్నెట్ లేకపోతే ఆ సాఫ్ట్‌వేర్ పనే చేయదంటే, దాన్ని మీ వైఫై మీద పరీక్షించకపోవడమే మంచిది.

మూడు, పని అయ్యాక శుభ్రమైన స్నాప్‌షాట్‌కు వెనక్కి పోండి. ఆ శుభ్రమైన స్నాప్‌షాట్‌ను కూడా నెలకోసారి అప్‌డేట్ చేసి కొత్తగా తీసి పెట్టుకోండి.

నాలుగు, మీది విండోస్ ప్రో అయితే విండోస్ శాండ్‌బాక్స్ చాలు. మూసేయగానే లోపలున్నదంతా చెరిగిపోతుంది. 2019 నుంచి ఉంది, హోమ్ ఎడిషన్‌లో మాత్రం రాదు. నెట్, క్లిప్‌బోర్డ్ ఆఫ్ చేసుకోవడం మరవద్దు.

ఐదు, వైరస్ టోటల్ లాంటి సైట్‌లో ఫైల్‌ను స్కాన్ చేయడం మంచిదే. కానీ అక్కడ వేసిన ఫైల్‌ను సెక్యూరిటీ కంపెనీలతో పంచుకుంటారు. ఎవరిదో ఆధార్ పీడీఎఫ్, మార్కుల మెమో అక్కడ వేయకండి.

నెట్ సెంటర్ అన్నలకు వీఎం కన్నా ముందు చేయాల్సిన పనులున్నాయి. విండోస్‌లో ఫైల్ పేరు చివరి అక్షరాలు కనిపించేలా ‘ఫైల్ నేమ్ ఎక్స్‌టెన్షన్స్’ ఆన్ చేయండి. అప్పుడు హాల్‌టికెట్ పీడీఎఫ్ అని చెప్పుకునే ఫైల్ చివర ఈఎక్స్ఈ ఉంటే ఇట్టే తెలుస్తుంది. కస్టమర్ పీడీఎఫ్‌లను బ్రౌజర్‌లోనే తెరిచి ప్రింట్ ఇవ్వండి. రోజువారీ పనికి అడ్మిన్ కాని మామూలు యూజర్ అకౌంట్ వాడండి. మీ బ్యాంకు, మీసేవ లాగిన్‌లు ఉన్న సిస్టంకు పెన్‌డ్రైవ్ ముట్టించొద్దు. పాత సిస్టం ఒకటి పక్కన పెట్టి, కస్టమర్ ఫైళ్లన్నీ దాని మీదే చూడండి. సాయంత్రం షాపు మూసేముందు ఆ రోజు ఆధార్ కాపీలు డిలీట్ చేయండి. లేనిదాన్ని ఎవడూ దొంగిలించలేడు.

ఫోన్ వాళ్లకు రూల్ ఇంకా చిన్నది. వాట్సాప్‌లో వచ్చిన ఏపీకేకు పరీక్ష అవసరం లేదు, డిలీట్ చాలు. ఏ ప్రభుత్వ పథకమూ, ఏ బ్యాంకూ వాట్సాప్ గ్రూపులో ఏపీకే పంపదు. ప్లే ప్రొటెక్ట్ ఎప్పుడూ ఆన్‌లో ఉంచండి, దాన్ని ఆపమని అడిగే యాప్‌ను నమ్మకండి. సెటింగ్స్‌లో వాట్సాప్‌కు, బ్రౌజర్‌కు ‘తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే’ అనుమతి ఉంటే ఇప్పుడే తీసేయండి. ఇంట్లో అమ్మానాన్నల ఫోన్లలో కూడా మీరే తీసేయండి. వాళ్లకు గంటసేపు లెక్చర్ ఇవ్వడం కన్నా ఆ ఒక్క స్విచ్ ఎక్కువ కాపాడుతుంది.

ఒకవేళ అప్పటికే నొక్కేసి ఉంటే సిగ్గుపడుతూ కూర్చోవద్దు. ముందు మొబైల్ డేటా, వైఫై ఆపండి. ఇంకో ఫోన్ నుంచి బ్యాంకుకు చెప్పి ఖాతా, యూపీఐ ఆపించండి. డబ్బు పోయి ఉంటే వెంటనే 1930కి ఫోన్ చేయండి, లేదా సైబర్‌క్రైమ్ డాట్ గవ్ డాట్ ఇన్‌లో ఫిర్యాదు పెట్టండి. ఎంత తొందరగా చెప్తే డబ్బు దారిలోనే ఆగే అవకాశం అంత ఎక్కువ. కాల్స్ వేరే నంబర్‌కు మళ్లించారేమోనన్న అనుమానం ఉంటే ##002# డయల్ చేస్తే ఫార్వర్డింగ్ రద్దవుతుంది. పాస్‌వర్డ్‌లు మార్చేటప్పుడు ఇంకో శుభ్రమైన ఫోన్ నుంచి మార్చండి, ‘అన్ని డివైస్‌ల నుంచి లాగౌట్’ కూడా నొక్కండి. ఆఖరున ఫోన్‌ను ఫ్యాక్టరీ రీసెట్ చేయించండి.

ఇక ఎడిటింగ్ చేసే చెల్లెకు విడిగా ఒక మాట. క్రాక్‌ను ఎంత భద్రంగా పరీక్షించాలని నువ్వు అడిగావు. డావిన్చి రిజాల్వ్ ఉచిత వెర్షన్ పెళ్లి వీడియోలకు బాగా సరిపోతుంది, అధికారిక సైట్‌లోనే దొరుకుతుంది. క్రాక్‌కు కట్టే గోడల ఖర్చు లెక్కేసుకుంటే, గోడ అవసరంలేని సాఫ్ట్‌వేరే చవక.

వచ్చే వారం: పాత ఫోన్ అమ్మేముందు అందులోంచి నిజంగా ఏం చెరుగుతుంది, ఏం చెరగదు అన్నది చూద్దాం. మీ ప్రశ్నలు పంపండి. ఏపీకేలు మాత్రం పంపకండి!